విని నేర్చిన చరిత్రము

మా యింట సాయంకాలము ఆరు గంటలకు పొయ్యి వెలిగింతును. అది మొదలు ఏడున్నర వరకు నా చేతులకు తీరిక యుండదు. పిల్ల లిరువురును సరిగా ఆ వేళకే వంటింటి గడప కడ చేరి, ఆకలి యని గోల చేయుచు నా కాళ్ళ కడ్డు తగులుచుందురు. ఈ గంటన్నర కాలము వారి నెట్లు కుదురుగా కూర్చుండబెట్టుట యను చింత నుండియే మా యింటి చరిత్ర పాఠములు పుట్టినవి గాని, విద్యావిషయమున నాకు గొప్ప యుద్దేశము లేవియు లేవని సోదరీమణులకు ముందుగనే మనవి చేయుచున్నాను.

చిన్నవానికి తొమ్మిదవ యేట కండ్లద్దములు వచ్చినవి. సెల్‌ఫోను తెర చూడనీయవలదని కండ్ల వైద్యుడు కఠినముగా చెప్పెను. పెద్దది పండ్రెండేండ్లది, బడి పుస్తకములోని చరిత్రను పరీక్షకు ముందునాడు మాత్రము తెరచి 1857, 1885, 1905, 1919 అని సంవత్సరములను చేదు మాత్రలవలె మింగి, మరునాడు మరచిపోవుచుండెను. ఫోను తెరను బోర్లించి పెట్టి దానినుండి మాట మాత్రము వినిపించినచో కండ్లకు హాని లేదు గదా, నా చేతికి పనియు ఆగదు గదా యని తోచెను. పిల్లలకై చెప్పబడిన చరిత్ర పాఠములు వినుట కెన్నియో దొరకుచున్నవి. వానిలో కొన్ని యేరి ప్రతిదినము సాయంకాలము పెట్టసాగితిని.

ఇది క్రొత్త పద్ధతి యని కొందరనిరి. నాకట్లు తోచదు. మన పెద్దలలో చదువు రానివారికి పలనాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము ఎట్లు తెలిసినవి? రాత్రులు ఊరి నడుమ కూర్చుండి విన్నందుననే గదా! షేక్ నాజరుగారు బుర్రకథ చెప్పుచుండగా అల్లూరి సీతారామరాజు చరిత్రమును విన్నవారు దానిని పుస్తకములో చదివినవారికంటె ఎక్కువ కాలము జ్ఞాపకముంచుకొనిరి. స్వాతంత్ర్య పోరాటములో సైతము కొంత భాగము చెవితోనే నడచినది. 1942 లో క్విట్ ఇండియా యుద్యమమున నాయకులందరు చెరసాలల పాలైనప్పుడు, ఇరువది రెండేండ్ల ఉషా మెహతాయు ఆమె స్నేహితులును బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడిపిరి. పట్టుబడకుండుటకై యంత్రమును ఒకచోటినుండి మరియొక చోటికి మార్చుకొనుచు, ఆగస్టు చివర మొదలుకొని నవంబరు 12 వరకు, అనగా పట్టుబడు వరకు, దేశమునకు వార్తలు వినిపించిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను. ఈ కథ విన్ననాడు మా పెద్దది ఫోనును చీర మడతలలో దాచి గదిగదికిని మార్చుచు ఇల్లంత తిరిగినది. నా పప్పు ఆనాడు మాడినది.

వినుటలో కొన్ని చిక్కులున్నవి. ఇరువది నిమిషముల పాఠమును పిల్లలు వినలేరు. పది నిమిషములు దాటగనే చెవి యిక్కడ, మనసు వీధిలో. కావున పాఠమును మూడుచోట్ల నిలిపి, "ఇప్పుడేమి జరిగినది?" అని యడుగుట యలవాటు చేసితిని. గోడకు భారతదేశ పటము నొకదానిని అంటించి, విన్న యూరినెల్ల కుంకుమతో బొట్టు పెట్టించితిని. దండి యాత్ర విన్ననాడు సబర్మతి నుండి దండి వరకు చిన్నవాడు వ్రేలితో గీత గీసి, "ఇంతేనా?" అనెను. 1930 మార్చి 12 నాడు గాంధీగారు డెబ్బది యెనమండుగురు అనుచరులతో బయలుదేరి, రమారమి 240 మైళ్ళు నడచి, ఏప్రిలు 6 నాడు ఉప్పు తీసిరి. దినమునకు పది మైళ్ళు, అనగా మా హనుమకొండ నుండి వరంగల్లు కోటకు పోయి మరల నడిచివచ్చుటకు దాదాపు సమానము, అదియు అరువది యేండ్ల వయసున, అని లెక్క కట్టి చెప్పినతరువాత వాడు పటము వంక మరల చూచెను.

కాలము తెలియుటకు వేరొక యుపాయము చేసితిని. నులక త్రాడొకటి తీసి, పదేండ్ల కొక జాన చొప్పున ముడులు వేసి, చావడిలో కట్టితిని. 1857 నుండి 1947 వరకు తొమ్మిది జానలైనవి. పిల్లలు తమ పుట్టిన సంవత్సరమును త్రాటి చివర గుర్తించుకొనిరి. పిదప వారి నానమ్మ పుట్టిన ముడి వెదకి, అది స్వాతంత్ర్యపు ముడికి ఏడేండ్లు ముందుగా నుండుట చూచి చిన్నవాడు నోరు తెరచెను. "నానమ్మా, నువ్వు గాంధీ తాత ఉన్నప్పుడు ఉన్నవా?" అని పరుగెత్తి పోయి యడిగెను. మా యత్తమ్మ చేటలో చింతపండు గింజలు తీయుచు, "ఉన్న. అయితే ఏందిరా?" అనెను. అంతటితో ఆ సంభాషణము ముగిసినది. అప్పుడే నేను మేల్కొనవలసినది.

నిజమైన గొంతుకలను వినిపించిన దినములు మాకు పండుగలు. 1947 ఆగస్టు 14 నాటి యర్ధరాత్రి నెహ్రూగారు చేసిన ప్రసంగము రికార్డుగా నిలిచియున్నది. ఇంగ్లీషు పూర్తిగా తెలియకున్నను పిల్లలు కదలక వినిరి. గాంధీగారు ఢిల్లీ రేడియో కేంద్రమునకు వెళ్ళినది ఒకేసారి యట, 1947 నవంబరు 12 నాడు. కురుక్షేత్రము నందలి శిబిరములో తలదాచుకొన్న కాందిశీకులకై మాటలాడిరి. ఆయన గొంతుక విని మా పెద్దది, "ఇంత మెల్లగ మాట్లాడెటాయనకు తెల్లోళ్ళు ఎట్ల భయపడ్డరమ్మా?" అని యడిగినది. ఏ పుస్తకము చదివినను ఈ ప్రశ్న దానికి తట్టియుండదు.

ఇంతవరకు వ్రాసినది చదివి, నేను నా తెలివికి మురిసిపోవుచున్నానని యనుకొందురేమో. మురిసిపోయిన మాట నిజమే. ఇక జరిగినది చెప్పుదును.

గడచిన సెప్టెంబరు నెలలో, 17వ తేదీ దగ్గర పడుచుండగా, హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన కథను పాఠముగా పెట్టితిని. ఎవరు చేసినదో చెప్పను, చక్కని గొంతుక. గుఱ్ఱపు డెక్కల చప్పుడు, కాలుచున్న యిండ్ల చిటపటలు, స్త్రీల యేడ్పులు, నడుమ నడుమ డోలు వాద్యము. పిల్లలు నన్నము కూడ అడుగలేదు. నేను ఒక చెవితో వినుచు, తాలింపు వేయుచు, కుక్కరు కూతలు లెక్కించుకొనుచుంటిని. రజాకార్ల దౌర్జన్యములు నాకు తెలియనివి కావు. మా ప్రాంతమున తెలియని యిల్లుండదు. పాఠము బాగున్నదనియే తలచితిని.

మా యెదురింట దర్జీపని చేయు పెద్దమనిషి యున్నాడు. మేము చాచా యని పిలుతుము. ప్రతి సంవత్సరము మా పిల్లల బడి దుస్తులు ఆయనయే కుట్టును; కుట్టిన దినము తానే తెచ్చి, తొడిగించి, భుజము సరిపోయినదా లేదా యని చూచి పోవుట ఆయన వాడుక. ఆయన మనుమడును మా చిన్నవాడును ఒక్క యీడువారు. ఈసారి పెద్దదాని లంగా జాకెట్టు సాయంకాలము దుకాణపు కుఱ్ఱవాడు తెచ్చి గుమ్మము కడ నిచ్చి పోయెను. చాచాకు ఒంట్లో బాగులేదేమో యనుకొంటిని. మరి రెండు దినములకు గాని, ఆ పిల్లవాడు మా యింటికి వచ్చుట మానుకొన్నాడని నాకు తెలియలేదు.

పిలిచి యడుగగా చిన్నవాడు దాచలేదు. వీధిలో యుద్ధపు ఆట ఆడిరట. "నువ్వు రజాకారువు, నువ్వు ఉరకాలె, మేము కొట్టాలె" అని ఆ బిడ్డతో చెప్పెనట. వాడు "నేను ప్రతిసారి ఎందుకు?" అనగా, "మీరే గదా మా ఊళ్ళు కాలవెట్టింది" అనెనట. నేను చేయి యెత్తితిని. వాడు వెనుకకు జరుగక, కండ్లద్దములు సరిచేసికొని, "పాఠంల అట్లనే చెప్పిండ్రు గదమ్మా! నువ్వే పెట్టినవు" అనెను. ఎత్తిన చేయి దించుకొంటిని.

ఆ రాత్రి అందరు పండుకొనిన పిదప, పాఠమును మొదటినుండి తుదివరకు పనియేమియు లేకుండ కూర్చుండి వింటిని. అందులో అబద్ధము లేదు. కాసిం రజ్వీ సంగతి నిజము. 1948 ఆగస్టు 27 నాడు భైరాన్‌పల్లిపై పడి ఊరివారిని చంపినది నిజము. ఆ యూరి బురుజు ఇప్పటికిని ఉన్నది. కాని మొదటి మూడు నిమిషములు "రజాకార్లు" అని చెప్పిన గొంతుక, తరువాత "వాళ్ళు" అని చెప్పసాగినది. ఆ "వాళ్ళు" ఎంత పెరుగుచు పోయినదనగా, తుదకు వచ్చునప్పటికి అందులో మా చాచా, ఆయన మనుమడు కూడ చేరియుండిరి. పుస్తకమైనచో ఇట్టి చోట చదువరి యాగి, పుట వెనుకకు త్రిప్పి, ఎవరీ వాళ్ళు అని చూచుకొనును. గొంతుక యాగదు. డోలు మ్రోగుచుండగా అసలే ఆగదు. పండ్రెండు నిమిషములలో విసునూరు దేశముఖు పేరు లేదు, వెట్టి మాట లేదు, దొర మాట లేదు. రజాకార్ల నెదిరించిన ముసల్మాను పేరు ఒక్కటియు లేదు.

మావారితో చెప్పగా, "ఫోను తీసివేయుము, బడి పుస్తకము చాలును" అనిరి. నాకట్లు చేయ మనసొప్పలేదు. వినిపించి చెరుపు చేసినదానను నేను. వినిపించియే దిద్దవలెనని పట్టుదల కలిగినది. అప్పుడు త్రాటి మీది ముడి జ్ఞాపకము వచ్చెను. 1948 లో మా యత్తమ్మకు ఎనిమిదేండ్లు. ఆమె పుట్టిల్లు జనగామ ప్రాంతమునందలి పల్లె. ఆమెకు కోడలినై యిన్నేండ్లైనను, ఆ దినముల మాట నేనొక్కనాడును అడిగియుండలేదు. ఉషా మెహతాను గూర్చి చెప్పుచు ఆమె ముందునుండియే అటునిటు తిరిగితిని.

ఫోను ముందు పెట్టి "చెప్పండి, అత్తమ్మా" అనగా ఆమె నోరు విప్పలేదు. "ఏం చెప్పాలె బిడ్డా, అందరికి తెల్సిందే గదా" అని లేచిపోయెను. రెండు దినములు వృథాగా పోయినవి. మూడవనాడు ఆమె బియ్యము చెరుగుచుండగా, చేట ప్రక్కన ఫోను పెట్టి, నేనును రాళ్ళేరుచు కూర్చుండి, "మీ అమ్మ గడీకి పోయెటిదా?" అని యడిగితిని. ఆ ప్రశ్నకు చేట ఆగినది.

మా యత్తమ్మ తల్లి వెట్టి చాకిరికి గడీకి పోవలసియుండెనట. చంకలోని బిడ్డకు పాలిచ్చుటకు కూడ అడిగి రావలసినదే. దొరకు లెవీ ధాన్యము కొలిచిన పిదప గాదెలో మిగిలినది వారికి. రజాకార్లు ఊరిమీదికి వచ్చుచున్నారని కేక విన్న రాత్రులందు తల్లి పిల్లలను జొన్నచేనిలో పండుకొనబెట్టి, దగ్గు రాకుండ నోటిలో బెల్లపుముక్క పెట్టెడిదట. "దారి ఎవరు చూపెట్టిండ్రు వాళ్ళకు?" అని నేనడిగితిని. "ఇంకెవరు? దొర మనుషులే. మనోళ్ళే" అని అత్తమ్మ చెప్పెను.

ఆ తరువాతి మాట నేనడుగలేదు. ఆమె తనంత తాను చెప్పినది. 1948 సెప్టెంబరు 13 నాడు భారత సేనలు ప్రవేశించినవి. 17 నాడు నిజాము రేడియోలో యుద్ధవిరమణ ప్రకటించెను. అత్తమ్మ యూరికి ఆ వార్త మరునాడు జనగామ నుండి నడిచి వచ్చినవాని వలన తెలిసినదట. ఊరంత సంతోషము. ఆ యూరిలో ముసల్మానుల యిల్లొకటి యుండెను. పేదవారు. రజాకార్లతో వారికి సంబంధము లేదు. ఆ యింటి పిల్ల మా యత్తమ్మకు ఆటల జత. మూడు నాలుగు దినముల కొక రాత్రి వారు ఇల్లు విడిచి పోయిరి. పోవుచు మేకను అత్తమ్మ వారి పెరటిలో కట్టివేసి పోయిరి. "మల్ల వస్తరని మా అమ్మ ఆ మేకను అమ్మలేదు. సాదింది. ముసలిదై సచ్చింది. వాళ్ళు రాలే. ఏడ బడ్డరో, బతికిండ్రో లేదో నాకు తెల్వది." ఇంత చెప్పి, మరల చేట చేతిలోనికి తీసికొని, "బియ్యంల మెరికెలు ఎక్కువున్నయి" అనెను.

చేట చప్పుడుతో సహా అదంతయు ఫోనులో నిలిచినది.

ఇక తొమ్మిదేండ్ల బిడ్డకు ఎంతవరకు చెప్పవలెను? పోలీసు చర్య తరువాత జరిగినదానిని విచారించుటకు ప్రభుత్వము పంపగా, 1948 నవంబరు డిసెంబరు మాసములలో పండిత సుందర్‌లాల్ గారి సంఘము సంస్థానమంత తిరిగినది. చనిపోయిన ముసల్మానుల సంఖ్యను తక్కువలో తక్కువగా నిరువదియేడు వేలు మొదలు నలువది వేల వరకు వారంచనా వేసిరి. ఎక్కువ నష్టము మరాటీ, కన్నడ జిల్లాలలో జరిగినది. ఆ నివేదిక పదుల యేండ్లు వెలికి రాలేదు. ఈ సంఖ్యలను పెద్దదానికి చెప్పితిని. చిన్నవానికి చెప్పలేదు. వానికి మేక చాలుననుకొంటిని. నేను చేసినది సరియో కాదో ఇప్పటికిని నిశ్చయముగా చెప్పజాలను.

క్రొత్త పాఠమును నా గొంతుకతోనే చేసితిని. డోలు లేదు. గడీతో, వెట్టితో ప్రారంభించితిని. పాలకుర్తిలో తన చేను కోతను దేశముఖుకు దక్కనీయని చాకలి ఐలమ్మను, తన భూమికై అదే దేశముఖుతో కచ్చేరులలో పోరాడి హత్యకు గురియైన కామారెడ్డిగూడెపు షేక్ బందగీని, 1946 జూలై 4 నాడు కడవెండిలో తుపాకి గుండుకు కూలిన దొడ్డి కొమరయ్యను చెప్పితిని. బందగీ కథయే 1947 లో మా భూమి నాటకమునకు ఆధారమైనదని చేర్చితిని. భైరాన్‌పల్లిని విడువలేదు. "వాళ్ళు" అను మాట వచ్చిన ప్రతిచోట ఆగి, ఎవరో పేరు పెట్టి చెప్పితిని. ఇంత కష్టమైన పని యని మునుపు నాకు తెలియదు. సంస్థానము భారతదేశమున చేరవలెనని తన ఇమ్రోజ్ పత్రికలో వ్రాసినందులకు, 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో రాత్రివేళ రజాకార్లు చేయి నరికి చంపిన షోయబుల్లా ఖాను కథను నిదానముగా చెప్పితిని. అతనికి ముప్పదేండ్లయిన నిండలేదు. చివర అత్తమ్మ గొంతుక, చేట చప్పుడు, మేక.

పిల్లలు విన్నారు. చిన్నవాడు మేక పేరేమని నానమ్మ నడిగెను. ఆమెకు జ్ఞాపకము లేదు. పిదప నా వంక తిరిగి, "వాళ్ళెందుకు పోయిండ్రమ్మా?" అనెను.

"భయపడి."

"ఎవరికి? రజాకార్లు ఓడిపోయిండ్రు గదా?"

పొయ్యిమీద పాలు పొంగుచుండెను. దించి వచ్చునంతవరకు నాకు వ్యవధి దొరికినది. ఐనను వేరే యుత్తరము దొరకలేదు. "మనకు" అని చెప్పితిని. వాడు మరేమియు అడుగలేదు. ఆ రాత్రి యన్నము సగము విడిచి లేచెను.

మరునాడు నేను చాచా దుకాణమునకు పోయితిని. పిల్లవాని తప్పు కాదు, నాది యని చెప్పుటకు ఇంటినుండి మాటలు కూర్చుకొని పోయితిని గాని, గుమ్మము కడకు వచ్చునప్పటికి అన్నియు మరచితిని. ఆయన మిషను ఆపకయే, "పిల్లలు గదమ్మా, ఏం తెలుస్తది" అనెను. పాఠము వినిపింతునా యని యడిగితిని. కొంతసేపు విని, షోయబుల్లా ఖాను పేరు వచ్చినప్పుడు కాలు తీసి మిషను నిలిపెను. మేక కథ ముగిసిన తరువాత చాల సేపు దారపు కండెను చేతిలో త్రిప్పుచు కూర్చుండెను.

"మా నాయిన ఆజంజాహి మిల్లుల పని చేసెటోడు. ఆ దినాలల్ల నెలరోజులు ఇల్లు కదల్లేదంట. ఆఖరికి తోటి పనోళ్ళు పదిమంది ఇంటికొచ్చి, నడుమ పెట్టుకొని మిల్లుకు తోలుకపోయిండ్రంట. అందుల ఒకలిద్దరు గుండ్రంగ బొట్లు పెట్టుకున్నోళ్ళే" అని చెప్పి నవ్వెను. ఈ సంగతి మనుమనికి చెప్పితిరా యని యడిగితిని. "అడిగితే గదా" అనెను.

ఆ మాట ఆయన గొంతుకతో పట్టుటకు వచ్చే యాదివారము పోవలెను. మిషను చప్పుడు పడునేమో యని ఆయన సందేహించుచున్నాడు. పడనిమ్మని చెప్పితిని.

పిల్లల తగవు మాత్రము మే మెవ్వరమును తీర్చకయే తీరినది. ఎట్లు తీరినదో వారు చెప్పలేదు, నేను నడుగలేదు. గడచిన వారము 1857 పాఠము పెట్టునప్పటికి గడప కడ ముగ్గురు కూర్చుండియుండిరి. ఆ సంవత్సరము జూలై 17 నాడు హైదరాబాదులో బ్రిటిషు రెసిడెన్సీ మీదికి జనమును నడిపించి, పట్టుబడి, చెరనుండి తప్పించుకొని, 1859 లో చంపబడిన తుర్రేబాజ్ ఖాను కథ యది. పాఠము ముగియగనే వీధిలోనికి ఉరికిరి. పావుగంట గడవక ముందే పెద్ద రభస వినవచ్చినది. పోయి చూతును గదా, తుర్రేబాజ్ ఖాను తానే కావలెనని యొకడు, కాదు తానే యని మరియొకడు చొక్కాలు పట్టుకొని యున్నారు. రెసిడెంటు దొరగా నుండుటకు ఎవడును ఒప్పుకొనడు. చాచా తన యరుగు మీదినుండి, చొక్కాలు చింపవద్దని మాత్రము కేకలు వేయుచుండెను.